నమ్మకం లేకుండా నాన్న సంవత్సరీకం చెయ్యొచ్చా?

ఈ వారం వచ్చిన ఉత్తరం, కొంచెం కుదించి:

"అక్కా నమస్తే. నాకు 36 ఏళ్ళు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంతూరు తణుకు దగ్గర. నాన్న లెక్కల మాస్టారు, పోయి ఏడాది కావస్తోంది. ఆయనకి దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, నాకు అసలే లేదు. 'నేను పోతే ఈ తతంగాలేవీ పెట్టుకోకండ్రా' అని నవ్వుతూ అనేవారు. అయినా అప్పుడు మావయ్య చెప్పినట్టల్లా పెద్దకార్యం దాకా అన్నీ చేసేశాను. ముద్ద పెడితే ఎంతసేపటికీ కాకి రాలేదు, మావయ్య నా చెవిలో 'అమ్మని చూసుకుంటానని చెప్పరా' అన్నాడు, చెప్పాను, కాసేపటికి వచ్చి ముట్టింది, అందరూ ఏడ్చారు. నాకు నవ్వొచ్చింది. తర్వాత సిగ్గేసింది. పదో రోజు తెల్లారకుండానే అమ్మని కాలవ గట్టుకి తీసుకెళ్ళి గాజులు పగలగొట్టారు, అది మాత్రం ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోవట్లేదు. ఇప్పుడు సంవత్సరీకం ఊళ్ళోనే పద్ధతిగా చెయ్యాలని అమ్మ పట్టు పట్టింది. డాలస్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్‌లో ఉంటానన్నాడు. నమ్మకం లేకుండా పీట మీద కూర్చుంటే నటించినట్టే కదా? అసలు ఈ తంతులకి అర్థం ఉందా, భయంతో చేసుకుంటూ పోతున్నామా?"

తమ్ముడూ,

అర్థం ఉందా అన్నావు కదా, అక్కడే మొదలుపెడదాం. ఫ్రిట్స్ స్టాల్ అని డచ్ పండితుడు ఒకాయన ఉండేవాడు, సంస్కృతం, తర్కం బాగా చదువుకున్నాయన. 1975లో కేరళ త్రిస్సూర్ జిల్లాలో పాంజాళ్ అనే ఊళ్ళో నంబూద్రి బ్రాహ్మణులు అగ్నిచయనం చేస్తుంటే పన్నెండు రోజులూ దగ్గరుండి ఫిల్ము తీయించాడు, రికార్డు చేయించాడు. వెయ్యికి పైగా ఇటుకలు పేర్చి పక్షి ఆకారంలో వేదిక కట్టే పెద్ద యజ్ఞం అది. అంత కష్టపడి ఎందుకు చేస్తున్నారయ్యా అని వాళ్ళని అడిగితే మా పెద్దలు చేశారు కాబట్టి చేస్తున్నాం అనే రకం జవాబులే తప్ప ఈ ఇటుక అంటే ఇది, ఈ మంత్రం అంటే అది అని చెప్పినవాళ్ళు దాదాపు లేరు, వాళ్ళ ధ్యాసంతా ఎక్కడా తప్పు దొర్లకుండా చెయ్యడం మీదే. ఆయన తిరిగెళ్ళి 1979లో ఏకంగా తంతుకి అర్థమే లేదని వ్యాసం రాసేశాడు, అది చేసే పనే తప్ప చెప్పే మాట కాదని. మిగతా పండితులు మరీ అంత దూరం పోవాలా అని గొడవపడ్డారు, నాకూ ఆయన కొంచెం ఎక్కువే అన్నాడనిపిస్తుంది, కానీ నీలాంటివాడికి ఆ మాట పెద్ద ఊరట. అర్థం తెలియకుండా, నమ్మకం లేకుండా పీట మీద కూర్చున్న మొదటివాడివి నువ్వేం కాదు, వేదంలోని కర్మకాండకే పెద్దపీట వేసిన మన మీమాంసకులు కూడా యజ్ఞం ఫలితం ఇవ్వడానికి దేవుడి దయ అక్కర్లేదు, సరిగ్గా చేస్తే చాలు అన్నవాళ్ళే. మనసులో ఏముందో చూపించమని పంతులుగారు అడగరు, దర్భ కుడిచేతి ఉంగరం వేలికి పెట్టుకున్నావా లేదా అనే అడుగుతారు.

అందుకే నటించడం అన్న మాట దగ్గర నేను నీతో ఒప్పుకోను. లేనిదాన్ని ఉన్నట్టు చూపించి ఎదుటివాళ్ళని మోసం చేస్తే నటన. నువ్వెవర్ని మోసం చేస్తున్నావు? నీకు నమ్మకం లేదని మీ అమ్మకి తెలుసు, మావయ్యకి తెలుసు, పంతులుగారు కూడా నీ మొహం చూసి కనిపెట్టే ఉంటారు. వాళ్ళు నిన్ను నమ్మమని అడగట్లేదు, కూర్చోమంటున్నారు.

ఇంక కాకి సంగతి. పిండాలు చేసి కాకులకి పెట్టేవాళ్ళని వేమన ఎంత ఘాటుగా తిట్టాడో మనందరం చిన్నప్పుడే విన్నాం, పరలోకాన్నే ఒప్పుకోని పాతకాలపు నాస్తికులు చార్వాకులైతే ఇంకా ముందే, ఇక్కడ పెట్టిన శ్రాద్ధం పైన ఉన్నవాడి కడుపు నింపితే ఊరెళ్ళేవాడికి దారిబత్తెం కట్టడం దేనికి, ఇంట్లోనే పెట్టేస్తే పోలా అని ఎగతాళి చేశారు. వాళ్ళన్నది నిజమే, నాకు కూడా ఆ కాకి మీ నాన్న అనే నమ్మకం లేదు, దానికి ఆకలేసింది వచ్చింది, అంతే. కానీ ఆ పది నిమిషాల్లో ఏం జరిగిందో నువ్వు రాసిందే మళ్ళీ చదువుకో. చుట్టాలంతా దూరంగా జరిగి నిలబడ్డారు. కాకి రావట్లేదు. ఎవరో ఒకరు ఏదో కోరిక ఉండిపోయిందమ్మా అంటారు, అనకుండా ఉండరు. అప్పుడు అందరికీ ఒకటే ఆలోచన, ఈయన దేని గురించి బెంగపెట్టుకుని పోయాడు? కూతురి పెళ్ళా, అప్పా, తమ్ముడితో గొడవా, పెళ్ళాం ఒంటరిదైపోతుందనా? మామూలు రోజుల్లో నలుగురిలో ఎత్తడానికి ధైర్యం చాలని ప్రశ్న అది, ఎత్తితే ఆస్తి గొడవ అంటారు. కాకి వంకతో ఎవరూ ఎవర్నీ నిలదీయకుండానే అది బయటికొచ్చేసింది, పెద్దకొడుకు అందరూ వింటుండగా అమ్మని చూసుకుంటానని నోటితో అన్నాడు. కాగితం లేదు, సంతకం లేదు. కానీ రేపు నువ్వు తప్పితే నీ చొక్కా పట్టుకోడానికి అక్కడున్న ప్రతివాడికీ హక్కుంది. మీ మావయ్య ఆ మాట నీ చెవిలో ఊదాడంటే ఆయనకి కాకి మీద నమ్మకం ఎంతో నాకు తెలీదు గానీ చెల్లెలు ఏమైపోతుందో అన్న భయం మాత్రం గట్టిగా ఉంది.

నవ్వొచ్చింది అన్నావు. పది రోజులు నిద్రలేక, పలకరింపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఎలా జరిగిందో మొదట్నుంచి మళ్ళీ చెప్పి చెప్పి, ఉప్పూకారం లేని తిండి తిని ఉన్న మనిషికి నవ్వూ ఏడుపూ ఒకే చోట నుంచి వస్తాయి. దానికి సిగ్గుపడకు, వదిలెయ్.

పెద్దకార్యంలో మీ ఇంట్లో చేశారో లేదో తెలీదు, కులాన్ని బట్టి ఇంటిని బట్టి మారుతుంది, పన్నెండో రోజు సపిండీకరణం అని ఒకటుంటుంది. పోయినాయన పేరు మీద ఒక పిండం పొడుగ్గా చేస్తారు, పక్కన ఆయన తండ్రి, తాత, ముత్తాతలకి మూడు గుండ్రటి పిండాలు. ఆ పొడుగు పిండాన్ని మూడు ముక్కలు చేయించి ఒక్కో ముక్కనీ ఒక్కో పిండంలో కలిపించేస్తారు. అంతవరకు ప్రేత అని పిలిచిన మనిషిని ఆ నిమిషం నుంచి పితృదేవత అంటారు. ఆ తర్వాత తర్పణంలో మీ నాన్న వసు రూపం, తాత రుద్ర రూపం, ముత్తాత ఆదిత్య రూపం. నోటితో చెప్పే పేర్లు మూడే, అంటే కింద మీ నాన్న చేరగానే పైనుంచి ఒకాయన జారిపోతాడు, నాన్నకి ముత్తాత అయినాయన, ఆయన పేరు ఇంక ఎవరూ చెప్పరు. నాకు ఈ తంతు మొత్తంలో అన్నిటికన్నా నిజాయితీగా అనిపించేది ఇదే, ఎల్లకాలం గుర్తుపెట్టుకుంటాం అనే అబద్ధం ఆడదు, మూడు తరాలు అని లెక్క చెప్పేసి ఆ తర్వాత మర్చిపోడానికి మర్యాదగా దారి ఇస్తుంది. లెక్కల మాస్టారికి నచ్చేదేమో కూడా.

వాన్ జెనెప్ అని ఫ్రాన్సులో ఉండి రాసినాయన ఒకడు 1909లోనే చెప్పాడు, పుట్టుక, పెళ్ళి, చావు, ఏ దేశంలో చూసినా ఈ తంతులన్నీ మూడు అంచెలుగా ఉంటాయి, మనిషిని మామూలు బతుకు నుంచి విడదీస్తారు, కొన్నాళ్ళు అటూ ఇటూ కాకుండా గుమ్మంలో ఉంచుతారు, తర్వాత కొత్త హోదాతో లోపలికి తెచ్చుకుంటారు అని. మన మైల పది రోజులూ ఆ గుమ్మమే. పొయ్యి వెలిగించకపోతే పక్కింటివాళ్ళు అన్నం తెస్తారు, పనికి వెళ్ళకూడదు, పెద్దకార్యం అయ్యాక నిద్రకని చుట్టాలు వాళ్ళింటికి తీసుకెళ్తారు. తర్వాత ఏడాది పాటు ఏటి సూతకం అని గుడికి వెళ్ళరు, పండగలు చెయ్యరు. చాదస్తమే, కాదన్ను. కానీ హైదరాబాద్‌లో నీకేం జరిగిందో ఆలోచించు, నాలుగు రోజులో వారమో సెలవిచ్చి ఉంటారు, తిరిగొచ్చిన రోజు టీమ్ వాళ్ళు సారీ బ్రో అని ఉంటారు, పదకొండింటికి మీటింగ్. ఎప్పటిదాకా దిగులుగా ఉండాలో, ఎప్పట్నుంచి సినిమాకి వెళ్ళినా తప్పు లేదో చెప్పేవాళ్ళు లేరు. మీ అమ్మకి ఊళ్ళో అది చెప్పేది సంవత్సరీకం. అది అయ్యేదాకా ఆవిడ సంక్రాంతికి అరిసెలు వండదు, పక్కింటి పెళ్ళికి వెళ్ళదు, వెళ్ళాలని ఉన్నా వెళ్ళదు. అది చేస్తే ఊరంతా కలిసి ఇంక చాలమ్మా, లే అన్నట్టు. ఆవిడ పట్టు పడుతోంది సగం మీ నాన్న కోసం అనుకుంటున్నావేమో, నాకైతే ఆవిడ సెలవు అడుగుతున్నట్టుంది.

ఇంకోటి చెప్తా, నీకు ప్రయోగాలంటే గురి కుదురుతుంది కదా. మైకేల్ నార్టన్, ఫ్రాన్సెస్కా జీనో అని అమెరికాలో ఇద్దరు 2014లో ఒక పరిశోధన అచ్చేశారు. కొంతమందిని కూర్చోబెట్టి లాటరీ తీసి ఒక్కడికి 200 డాలర్లిచ్చి పంపించేశారు, మిగిలినవాళ్ళకి సహజంగానే ఉసూరుమంది. వాళ్ళలో కొందరితో ఒక తంతు చేయించారు, అప్పటికప్పుడు కల్పించిందే, నీకెలా ఉందో కాగితం మీద బొమ్మ గియ్యి, దాని మీద చిటికెడు ఉప్పు చల్లు, చింపెయ్, పది దాకా మనసులో అయిదుసార్లు లెక్కపెట్టు. ఈ తంతు చెయ్యనివాళ్ళ కన్నా చేసినవాళ్ళకి బాధ తగ్గింది, చెయ్యి జారిపోయింది అన్న భావం తగ్గింది, ఇలాంటి వాటి మీద నమ్మకం లేదన్నవాళ్ళకి కూడా. ఉప్పు చల్లితేనే అంత పని చేస్తే, నువ్వులూ నీళ్ళూ వదిలితే నీకు నష్టం ఏంటి? లాటరీ పోవడం, నాన్న పోవడం ఒకటి కాదని నాకూ తెలుసులే.

మన హేతువాదుల సంగతి కూడా చూడు. త్రిపురనేని రామస్వామి చౌదరి బ్రాహ్మణ పురోహితుడు, సంస్కృత మంత్రాలు వద్దన్నాడు. వద్దని ఊరుకున్నాడా, తెలుగులో వివాహవిధి రాసి తనే దగ్గరుండి పెళ్ళిళ్ళు చేయించాడు. కమ్యూనిస్టు నాయకుడు పోతే పిండాలుండవు, కానీ శవం మీద ఎర్రజెండా కప్పుతారు, పిడికిలెత్తి లాల్ సలాం అంటారు, తర్వాత సంస్మరణ సభ పెట్టి ఫోటోకి దండేస్తారు. సోవియట్ వాళ్ళు పెళ్ళిని ఆఫీసులో సంతకంగా మార్చి, అది జనానికి చప్పగా ఉందని గ్రహించి 1959లో లెనిన్‌గ్రాడ్‌లో పెళ్ళిళ్ళ కోసమే ఒక ప్యాలెస్ తెరిచారు. మనిషి పోయిన ఇంట్లో చేతులు ఊరికే ఉండలేవు, ఏదో ఒకటి చెయ్యాలి, పాతది వద్దనుకున్నవాళ్ళు కూడా కొత్తది కుట్టుకున్నారు.

ఇదంతా చదివి అక్క ఆచారాలన్నిటికీ వకాల్తా పుచ్చుకుంది అనుకుంటావేమో, ఆగు.

గాజులు పగలగొట్టారు అన్నావు చూడు, నీ ఉత్తరంలో అసలు సంగతి అదేనని నాకనిపిస్తోంది, నమ్మకం గోల పైపైది. ముందురోజు ముత్తైదువల చేత పసుపు రాయించి, తలనిండా పూలు పెట్టించి, చేతుల నిండా గాజులు వేయించి, ఆ చీకట్లో గట్టు మీద కూర్చోబెట్టి అవన్నీ ఒక్కొక్కటే తీసెయ్యడం, అదీ తోటి విధవల చేత. చుట్టూ అంతమంది ఉండి ఆవిడని ఒంటరిని చేసే తంతు అది. ఇందాక చెప్పిన తంతులన్నీ బతికున్నవాళ్ళని పట్టుకుని నిలబెడుతుంటే ఇదొక్కటి బతికున్న మనిషినే పట్టుకుని కింద పడేస్తుంది, పైగా అదే మంత్రాల మధ్య, అదే పది రోజుల్లో ఇరికించి పెట్టారు కాబట్టి విడిగా కనపడదు. మావయ్యకి అది కూడా పద్ధతే, కాకి ముద్దా పద్ధతే, రెండూ ఒకటే. నువ్వూ రెండూ ఒకటే అనుకుంటున్నావు, ఆయన అన్నీ ఉంచాలంటాడు, నువ్వు అన్నీ తీసెయ్యాలంటావు. విడగొట్టి చూడమంటాను నేను, ఒక్కోదాన్నీ పట్టుకుని ఇది ఎవరికి ఆసరా, ఎవరికి దెబ్బ అని అడుగు.

ఆచారం మారితే కొంపలంటుకుంటాయని ఎవరైనా అంటే ఇందాకటి పాంజాళ్ యజ్ఞమే చెప్పు, అక్కడ మేకల్ని బలివ్వాల్సింది, జనం గొడవ చేశారు, బియ్యప్పిండి ముద్దల్ని అరటాకులో చుట్టి మేకల బదులు పెట్టి కానిచ్చేశారు. అంత నిష్ఠగా చేసేవాళ్ళే మార్చుకున్నారు. మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ అనే ఊరు 2022 మేలో గ్రామసభ పెట్టి గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం, తాళి తెంపడం ఇంక మా ఊళ్ళో లేదని తీర్మానం చేసింది, ఆ రాష్ట్ర ప్రభుత్వం మిగతా ఊళ్ళనీ అదే దారిలో నడవమంది. ఊళ్ళోవాళ్ళే కూర్చుని చేసుకున్నారు, ఢిల్లీ నుంచి ఎవరూ వచ్చి చెప్పలేదు.

అయిపోయిన గాజుల గురించి ఇప్పుడేం చెయ్యలేవు, కానీ సంవత్సరీకం రోజు చెయ్యగలవు. భోజనాలయ్యాక ముత్తైదువలకి బొట్టుపెట్టి జాకెట్టు ముక్క, తాంబూలం ఇచ్చేటప్పుడు అమ్మని వెనక గదిలో కూర్చోబెడతారు చూడు, ఆ ఒక్కటీ జరగనివ్వకు. ముందుగా అమ్మని అడుగు, నలుగురిలో కాదు, ఒక్కతే ఉన్నప్పుడు: అమ్మా, నీకు బొట్టు పెట్టుకోవాలనుందా, గాజులు వేసుకోవాలనుందా అని. బొట్టు పుట్టినప్పట్నుంచీ ఉన్నదే కదా, నాన్న తెచ్చింది కాదు. వద్దురా నాకు అంటే బలవంతం చెయ్యకు, అది కూడా ఇంకో రకం గాజులు పగలగొట్టడమే అవుతుంది. ఉంది గానీ జనం ఏమంటారో అంటే, ఆ జనం ముందే రంగు చీర నువ్వు చేతికివ్వు. చాలామందికి కావాల్సింది కొడుకు పక్కన నిలబడతాడా లేదా అన్నదే.

మీ నాన్న మాట గురించి. ఆయన రాసిపెట్టి, అమ్మకి చెప్పి ఒప్పించి పోయుంటే నేనే వద్దనేదాన్ని, ఆ మాట నిలబెట్టాలి. నవ్వుతూ కొడుకులతో అన్న మాట అలా కాదు, తతంగం పెట్టుకోకండ్రా అంటే చాలా ఇళ్ళల్లో దానర్థం అప్పు చెయ్యకండ్రా అనే. పోయినాయన సరదా మాట ఒక పక్క, బతికున్న ఆవిడ పట్టుదల ఒక పక్క ఉంటే నేను ఆవిడ పక్కే. కాకపోతే ఆయన మాటకీ విలువిచ్చే దారుంది, ఖర్చు తగ్గించు. ఈమధ్య గోదావరి జిల్లాల్లో సంవత్సరీకాలు పెళ్ళిళ్ళని మించిపోయాయి, వీధి మొదట్లో ఫ్లెక్సీ, ఫోటో ప్రింటేసిన స్టీలు డబ్బాలు, మూడొందల మందికి భోజనాలు. అవేవీ ఏ శాస్త్రంలోనూ లేవు, అది మనం మనకి మనం పెట్టుకున్న పోటీ. డబ్బాలు మానేసి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళని నలుగుర్ని పిలిచి భోజనాల ముందు ఒక్కొక్కర్ని అయిదు నిమిషాలు మాట్లాడమను, దేవుడి మాట ఎత్తక్కర్లేదు. దెబ్బలు తిన్నవాళ్ళు కూడా మాట్లాడతారు, చూడు, నవ్వుకుంటారు కూడా.

తర్వాతి ఏళ్ళ సంగతి ఇప్పుడే మాటివ్వకు. ప్రతి ఏడూ తద్దినం కుదరని వాళ్ళకి మహాలయ అమావాస్య ఉంది, తెలంగాణలో పెత్రమాస అంటారు, చాలా ఇళ్ళల్లో తిథి గుర్తు లేకపోయినా ఆ రోజు పొద్దున పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకం ఇచ్చేస్తారు, సాయంత్రం ఆడవాళ్ళు అదే వాకిట్లో ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. చేస్తావో మానేస్తావో రెండు మూడేళ్ళు పోయాక నీకే తెలుస్తుంది.

తమ్ముడికి చెప్పు, కాల్‌లో ఉంటాను అంటే చాలదని. ఫోన్ ఒక మూల స్టాండ్‌కి పెట్టేసి మర్చిపోతారు, వాడు అక్కడ రాత్రిపూట పంచె కట్టుకుని గంటన్నర పాటు ఫ్యానూ, ఎవరిదో వీపూ చూస్తూ కూర్చుంటాడు. వాడి ముందు కూడా ఒక పళ్ళెం, చెంబు నీళ్ళు, నువ్వులు పెట్టుకోమను, నువ్వు వదిలినప్పుడు వాడూ వదలాలి. తర్వాత నాన్నకి ఇష్టమైన కూర ఏదో అక్కడ వండుకుని తినమను. చూడ్డం వేరు, చెయ్యడం వేరు.

ఇంక పని చూడు. సంవత్సరీకం తిథి ప్రకారం వస్తుంది, పోయిన తారీఖుకి పది ఇరవై రోజులు అటూ ఇటూ కావచ్చు, సెలవు, రైలు టికెట్లు పెట్టుకునే ముందు పంతులుగారిని అడిగి రోజు ఖాయం చేసుకో. అదే ఫోన్‌లో ఎంతసేపు పడుతుంది, ఏవి తప్పనిసరి, ఏవి కుదించొచ్చు అని మొహమాటం లేకుండా అడుగు, వాళ్ళు రోజూ కుదించేవాళ్ళే, ఏమీ అనుకోరు, ఒక్కో ఘట్టం ముందు ఇదేం చేస్తున్నామో తెలుగులో ఒక్క ముక్క చెప్పమను. మావయ్యకి మాత్రం తాంబూలాల దగ్గర ఏం చెయ్యబోతున్నావో ముందే చెప్పు, ఆ రోజు పదిమందిలో ఆయన్ని ఇరుకున పెట్టకు, ఆయన కాదంటే అన్నీ మీరు చెప్పినట్టే చేస్తాను మావయ్యా, ఈ ఒక్కటీ అమ్మకి వదిలెయ్యండి అను. చెల్లెలి కోసం నీ చెవిలో ఆ మాట ఊదిన మనిషి, వింటాడనే అనుకుంటున్నా.